పదకొండేళ్ల పియానో, 118 మార్కులు

ప్రశ్న: నాకు 17 ఏళ్లు. ఆరో ఏట నుంచి వెస్టర్న్ క్లాసికల్ పియానో నేర్చుకుంటున్నాను. కిందటి ఏడాది ఏబీఆర్‌ఎస్‌ఎమ్ (బ్రిటన్ సంగీత పరీక్షల సంస్థ) గ్రేడ్ 7లో 150కి 118 వచ్చాయి. మెరిట్‌కి రెండు మార్కులు తక్కువ. మూడు పీసులకు 24, 23, 24, స్కేల్స్‌కు (స్వరాల వరసలు) 17, సైట్ రీడింగ్‌కు (కొత్త పీసు అప్పటికప్పుడు చూసి వాయించడం) 13, ఆరల్‌కు (చెవి పరీక్ష) 17. ఈమధ్య మా టీచర్ తన విద్యార్థులందరితో కచేరీ పెట్టారు. నేను జర్మన్ స్వరకర్త బాఖ్ సి మైనర్ ప్రెల్యూడ్, ఫ్యూగ్ కాగితం చూడకుండా వాయించాను. ఫ్యూగ్ మధ్యలో మొత్తం మర్చిపోయాను. మూడుసార్లు మొదటినుంచి ఎత్తుకున్నా అక్కడికే వచ్చి ఆగిపోయాను. చివరికి లేచి వచ్చేశాను. నా తర్వాత పదకొండేళ్ల అబ్బాయి షోపాన్ రాసిన ఫాంటసీ ఇంప్రాంప్ట్యూ అనే పీసు గలగలా వాయించేశాడు. అప్పటినుంచి రోజూ నాలుగు గంటలు కూర్చుంటున్నాను, ఏమీ మారడం లేదు. నాకు టాలెంట్ లేదేమో. రెండేళ్లుగా ఎదిగింది ఏమీ లేదు. "పోనీలే, క్రమశిక్షణ వచ్చింది కదా" అంటున్నారు నాన్న. ఇన్నేళ్లలో నేను నిజంగా ఏం నేర్చుకున్నాను? గ్రేడ్ 8కి కట్టాలా, మానేయాలా? వచ్చే ఏడాది కాలేజీకి వేరే ఊరు వెళ్తే ఇంట్లో పియానో కూడా అందదు. డిజిటల్ పియానోతో నడుస్తుందా?

సమాధానం: కచేరీ సంగతి తర్వాత చూద్దాం. ముందు నీ మార్కుల కాగితం ఇంకోసారి తీయి. అందరిలాగే నువ్వూ మొత్తం చూసి, రెండు మార్కులు పోయాయని బాధపడి, దాన్ని మడిచి పెట్టేసినట్టున్నావు. విడివిడిగా చూడు. ఆరల్ 18కి 17. అది డిస్టింక్షన్ స్థాయి. సైట్ రీడింగ్ 21కి 13. అందులో పాస్ కావాలంటే 14 రావాలి. ఒకే అమ్మాయికి ఒకే రోజు వచ్చిన మార్కులివి. చెవి అంత ముందుకు వెళ్లింది, కొత్త కాగితం చూసి సొంతంగా వాయించడం అంత వెనకబడింది. పదకొండేళ్లలో ఏం వచ్చిందో, ఏం రాలేదో రెండూ నీ చేతిలోనే ఉన్నాయి.

గ్రేడ్ 7 ఆరల్ తేలికైనదేమీ కాదు. రెండు గొంతులు, అంటే రెండు స్వరాల వరసలు, కలిసి నడిచే ఒక చిన్న స్వరవాక్యాన్ని ఎగ్జామినర్ రెండుసార్లు వాయిస్తారు. అందులో కింది గొంతును విడదీసి పట్టుకుని పాడాలి, లేదా వాయించాలి. మామూలుగా మన చెవి పై స్వరం వెంట పోతుంది. కింద నడిచేది వినపడాలంటే ఏళ్ల తరబడి వింటూ ఉండాలి. ఆరేళ్ల వయసులో నీకిది వచ్చేదా? పదేళ్లప్పుడు? ఏ రోజు వచ్చిందో నీకే తెలియకుండా వచ్చేసింది. అందుకే నీ లెక్కలో అది చేరలేదు.

పియానోలో మొదటి నాలుగైదేళ్లు ఎదుగుదల బయటికి కనిపిస్తుంది. నిన్న ఒక చేయి, ఇవాళ రెండు చేతులు. మొన్న ఒక షార్ప్ (స్వరాన్ని అర మెట్టు పెంచే గుర్తు), ఇప్పుడు నాలుగు. ఇంటికి వచ్చినవాళ్లు కూడా తేడా చెప్పగలరు. ఆ తర్వాత వచ్చే ఎదుగుదల వేరు. కారణం ఈ వాయిద్యం లోపలే ఉంది. కీ నొక్కగానే సుత్తి తీగను కొట్టి వెనక్కి వచ్చేస్తుంది. ఆ తర్వాత వేలితో ఎంత అదిమినా ఆ స్వరం పెరగదు, మారదు. పాడేవాళ్లకు, వయొలిన్ వాయించేవాళ్లకు స్వరం పలుకుతుండగానే దిద్దుకునే వీలుంది. మనకు ఆ అవకాశం లేదు. ఏ శబ్దం కావాలో ముందే లోపల వినపడాలి, అప్పుడే వేలు దిగాలి. వచ్చింది విని తర్వాతి స్వరంలో సర్దుకోవాలి. కుడిచేత్తో నాలుగు స్వరాలు ఒకేసారి నొక్కి, చిటికెన వేలి కింద ఉన్న స్వరాన్ని మాత్రం మిగతావాటికంటే పైకి పలికించడం, స్వరాన్ని మోగుతూ ఉంచే కాలి పెడల్ ఎక్కడ వదలాలో కాగితం మీది గుర్తును బట్టి కాకుండా ఆ గదిలో మోగుతున్న తీరును బట్టి తేల్చుకోవడం, ఇవన్నీ ఈ దశలో వచ్చేవి. వీటికి విడిగా మార్కుల గడి ఉండదు. ఇంట్లోవాళ్లకైతే అసలు తెలియదు. నువ్వు రెండేళ్లుగా ఎదగలేదని అంటున్నావు. నాకేమో ఎదిగినది నీకు కనిపించడం లేదనిపిస్తోంది.

నా మాట నమ్మక్కర్లేదు, ఇవాళే చూసుకో. నువ్వు చిన్నప్పుడు తప్పకుండా వాయించి ఉండే జి మేజర్ మినుయెట్ అనే చిన్న పీసు తీయి. బాఖ్ భార్య ఆనా మాగ్డలీనా కోసం 1725లో మొదలుపెట్టిన పుస్తకంలోది. చాలాకాలం బాఖ్‌దే అనుకున్నారు కానీ రాసింది క్రిస్టియన్ పెట్జోల్డ్. ఒక్కసారి వాయించి ఫోన్‌లో రికార్డు చెయ్యి. వెంటనే వినకు, రేపు విను. చిన్నప్పుడు అది నీకు కుడిచేతి పాట. ఎడమచేయి ఊరికే తోడుగా ఉండేది. ఇప్పుడు ఎడమచేతిలో కూడా ఒక పాట ఉందని, అది ఒకచోట కుడిచేతికి ఎదురు నడుస్తుందని, ఇంకోచోట దానితో కలిసి ఊపిరి తీసుకుంటుందని వినపడుతుంది. ఎవరూ నేర్పకుండానే నీ వేళ్లు దాన్ని వేరేగా వాయిస్తాయి. చిన్నప్పటి రికార్డింగ్ ఇంట్లో ఎక్కడైనా ఉంటే పక్కన పెట్టుకుని విను. స్వరాలు అవే, వాయించే మనిషి మారింది. కష్టమైన పీసుతో మన ఎదుగుదల తెలియదు, ఎందుకంటే దానితో కుస్తీ పట్టడంలోనే మన శక్తంతా పోతుంది. తేలిక పీసు దగ్గర దాక్కోవడానికి చోటుండదు.

ఇక రానిది. గ్రేడ్‌కు మూడు పీసులు, ఏడు గ్రేడ్లకు 21. మధ్యలో టీచర్ సరదాగా ఇచ్చినవి ఇంకో పది అనుకుందాం. పదకొండేళ్లలో ముప్పై చిల్లర. ఒక్కో పీసు మీద ఆరేడు నెలలు, కొన్నిసార్లు ఏడాది. ఏ వేలు ఎక్కడ పడాలో టీచర్ పెన్సిల్‌తో రాశారు. ఎంత వేగమో ఆయనో ఆవిడో చెప్పారు. పెడల్ గుర్తులు అచ్చులోనే ఉన్నాయి. ఇలా పెరిగినవాళ్లకు చెవి బాగా పదునెక్కుతుంది, ఎందుకంటే అదే పీసు వందలసార్లు వింటారు. చదవడం మాత్రం రాదు, ఎందుకంటే చదవాల్సిన అవసరమే ఏడాదికి మూడుసార్లు వస్తుంది. ఇందులో నీ తప్పు లేదు. టీచర్ తప్పని కూడా అనను. పరీక్ష, ఫీజు, ఇంట్లోవాళ్ల ఆత్రం అన్నీ కలిసి పాఠాన్ని అటే లాగుతాయి. నేనైతే గ్రేడ్ పరీక్షలను తప్పుపట్టను, ఏడాదికొకటి చొప్పున వరసగా రాయించడాన్ని మాత్రం తప్పుపడతాను. రెండు గ్రేడ్ల మధ్య ఒక ఖాళీ ఏడాది ఉంటే చాలామంది పిల్లలు పియానో మానేయరు.

అంటే ఇన్నేళ్లూ నువ్వు నేర్పించుకోవడం నేర్చుకున్నావు. అది కూడా చిన్న విషయం కాదు. నీ తప్పు నువ్వే విని, అక్కడే ఆగి, రెండు బార్లు (తాళం లెక్కన పీసును విడగొట్టిన చిన్న ముక్కలు) పట్టుకుని అరగంట కూర్చోవడం పెద్దవాళ్లలో కూడా అరుదు. కానీ 17 ఏళ్లకు తర్వాతి మెట్టు వేరే ఉంది. కొత్త పీసు ఎదురుగా పెట్టుకుని, దీన్ని ఎలా వాయించాలో నువ్వే తేల్చుకుని, ఎందుకలా అని అడిగితే కారణం చెప్పగలగాలి. నీకు ఎదగలేదనిపిస్తున్నది ఈ ఒక్క వైపే. నీ కచేరీ కూడా అక్కడే దెబ్బతిన్నది.

ఫ్యూగ్ తెలియని పాఠకులకు ఒక మాట. ఒక గొంతు చిన్న థీమ్ ఎత్తుకుంటుంది, రెండో గొంతు దాన్నే వేరే స్థాయిలో అందుకుంటుంది, తర్వాత మూడోది. ఆ థీమ్ ఇలా చివరిదాకా గొంతులు మారుతూ తిరిగి తిరిగి వస్తుంది. నువ్వు వాయించినది 31 బార్లే. అందులో థీమ్ ఎనిమిదిసార్లు వస్తుంది: 1, 3, 7, 11, 15, 20, 26, 29 బార్లలో. 11లో E ఫ్లాట్ మేజర్‌ అనే వేరే స్వరస్థాయికి వెళ్తుంది, మిగతావి మైనర్‌లోనే. థీముల మధ్య వచ్చే భాగాలు కూడా ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. వేళ్లకు ఇవన్నీ ఒకేలా తగులుతాయి. నువ్వు ఏ థీమ్‌లో ఉన్నావో వేళ్లకు తెలియదు, తెలియాల్సింది నీకు. ఇంట్లో మామూలుగా ఉన్నప్పుడు వేళ్లు అలవాటు మీద నడిచిపోతాయి. కచేరీలో టెన్షన్‌తో దృష్టి వేళ్ల మీదికి మళ్లుతుంది. అలవాటుగా జరిగే పనిని గమనించడం మొదలుపెట్టగానే అది తడబడుతుంది. ఇది నీ ఒక్కదాని జబ్బు కాదు, వేళ్ల జ్ఞాపకం మీదే ఆధారపడిన అందరికీ జరుగుతుంది. ఫ్యూగ్‌లో ఇంకా త్వరగా జరుగుతుంది.

మూడుసార్లు మొదటికి వెళ్లావు చూడు, అది ఇంట్లో పట్టిన అలవాటు. తప్పు వచ్చిన ప్రతిసారీ మొదటినుంచి మొదలుపెట్టేవాళ్లకు మొదటి పేజీ వెయ్యిసార్లు అవుతుంది, చివరి పేజీ యాభైసార్లు. కచేరీలో వెనక్కి తప్ప వేరే దారి తెలియదు.

ఆ ఫ్యూగ్‌ను వదిలిపెట్టకు. చిన్న చీటీల మీద ఆ ఎనిమిది బార్ల నంబర్లు రాసుకో. రోజూ ఒకటి తీయి, ఏది వస్తే అక్కడినుంచి చూడకుండా మొదలుపెట్టు, నెమ్మదిగా. మొదటి వారం చాలా విసుగ్గా ఉంటుంది, సగం చీటీల దగ్గర చేతులు గాల్లోనే ఉండిపోతాయి. ఆ గాల్లో ఉండిపోయిన చోట్లే నీకు నిజంగా తెలియనివి. తర్వాత ఎడమచేయి ఒక్కటే చూడకుండా వాయించు. తర్వాత ఒక గొంతు పాడుతూ మిగతా రెండూ వాయించు. ఇది కష్టమే కానీ కింది గొంతు పట్టి 18కి 17 తెచ్చుకున్నదానివి, నీకు చేతకాదంటే నేను ఒప్పుకోను. పియానోకు దూరంగా కూర్చుని, కళ్లు మూసుకుని మొత్తం మనసులో నడిపించు. ఎక్కడ మసకబారితే అక్కడ కాగితం తెరిచి చూడు. ఇంకొకటి: రోజులో మొదటిసారి కూర్చున్నప్పుడు, స్కేల్స్ ఏవీ చేయకుండా, చల్లటి చేతులతో ఒక్కసారి కచేరీలా వాయించు. కచేరీలో నీకు దొరికేది ఆ ఒక్కసారే. దారి తప్పితే తర్వాతి నంబరుకు దూకు. వెనక్కి మాత్రం వెళ్లకు. వినేవాళ్లలో నూటికి తొంభై మందికి దూకినట్టే తెలియదు.

చూడకుండా వాయించకపోతే పియానిస్టే కాదన్నట్టు కొందరు మాట్లాడతారు. ఆ ఆచారం అంత పాతదేమీ కాదు. 19వ శతాబ్దం మొదటి భాగంలో కాగితం లేకుండా వాయించడాన్ని గొప్పలకు పోవడంగా చూసినవాళ్లున్నారు. ఆ కాలపు పేరున్న పియానిస్ట్ క్లారా షూమన్ అలా వాయిస్తే మెచ్చుకున్నవాళ్లతోపాటు విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. ఇరవయ్యో శతాబ్దపు మహామహుల్లో ఒకడైన స్వ్యాటొస్లావ్ రిక్టర్ చివరి ఏళ్లలో హాలు చీకటి చేయించి, పక్కన దీపం పెట్టుకుని, కాగితం చూస్తూనే కచేరీలు చేశాడు. నువ్వు రాసే పరీక్షలో కూడా పీసులు చూసి వాయించవచ్చు. ఫ్యూగ్‌ను బట్టీ వేయమనడం దాన్ని తెలుసుకోవడానికే. వచ్చే కచేరీలో కాగితం పెట్టుకుంటే ఎవరూ జైల్లో వేయరు.

ఇక ఆ అబ్బాయి. ఫాంటసీ ఇంప్రాంప్ట్యూలో కుడిచేయి నాలుగు స్వరాలు వాయించేలోపు ఎడమచేయి మూడు వాయించాలి, అదీ పరుగు మీద. పదకొండేళ్లకు అది వచ్చిందంటే మెచ్చుకోవాల్సిందే. అయితే మధ్యలో డి ఫ్లాట్ మేజర్‌లో ఒక నెమ్మది భాగం వస్తుంది. దాన్ని ఎలా వాయించాడో నువ్వు రాయలేదు. బాగానే వాయించి ఉండొచ్చు. కానీ ఆ రోజు నీకు వేగం ఒక్కటే వినపడింది, అది మామూలే. షోపాన్ ఆ పీసును తన జీవితకాలంలో అచ్చు వేయించనే లేదు. ఆయన పోయిన ఆరేళ్లకు, 1855లో బయటికొచ్చింది. ఇవాళ పిల్లల సత్తా కొలవడానికి దాన్నే వాడుతున్నాం.

టాలెంట్ సంగతి సూటిగా చెప్తాను. కచేరీలే వృత్తిగా బతికేవాళ్లు 17 ఏళ్లకు సాధారణంగా గ్రేడ్ 8 దాటి చాలా దూరం వెళ్లి ఉంటారు. ఆ దారి నీకు దాదాపు లేదనే అనుకో. నువ్వు అడిగిందీ అది కాదు. బాగా వాయించడానికి వయసు దాటిపోయిందా అంటే, దాటలేదు. పైన చెప్పిన రిక్టరే చాలావరకు సొంతంగా నేర్చుకుని, ఒపెరాలో పాడేవాళ్లకు పియానో సాయం చేస్తూ పనిచేసి, 22 ఏళ్లకు 1937లో మాస్కోలో హైన్రిఖ్ నాయ్‌హౌస్ అనే గురువు దగ్గర చేరాడు. సరే, అతను అసాధారణుడు. పియానిస్ట్ ఆర్థర్ రూబిన్‌స్టైన్ కథ నీకు ఇంకా దగ్గర. నలభై దాటేదాకా చెవి, ఆకర్షణ, జ్ఞాపకశక్తి వీటిమీదే నెట్టుకొచ్చాడు. స్వరాలు జారవిడిచేవాడని పేరు కూడా ఉండేది. 1932లో పెళ్లయ్యాక కొన్ని నెలలు కచేరీలు ఆపి, తెలిసిన పీసులనే మళ్లీ మొదటినుంచి కూర్చుని శుభ్రం చేసుకున్నాడు. మనం ఇవాళ వినే రూబిన్‌స్టైన్ ఎక్కువగా ఆ తర్వాతివాడే. అంత పేరున్నవాడు మధ్య వయసులో తనకు తానే టీచర్ అయ్యాడు.

నాన్నగారి మాటతో నాకు పేచీ ఉంది, నువ్వు మాత్రం ఇంట్లో వాదన పెట్టుకోకు. సంగీతం నేర్చుకుంటే పిల్లల తెలివి పెరుగుతుందని, లెక్కలు బాగా వస్తాయని చాలా ప్రచారం ఉంది. 54 అధ్యయనాలను, దాదాపు 7,000 మంది పిల్లల ఫలితాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2020లో వచ్చింది. అధ్యయనం ఎంత పకడ్బందీగా చేస్తే ఆ లాభం అంత తగ్గిపోయి, చివరికి దాదాపు ఏమీ మిగలడం లేదని తేలింది. పియానో నేర్చుకుంటే ముఖ్యంగా వచ్చేది పియానోనే. క్రమశిక్షణ సంగతంటావా, టీచర్ వస్తారని కూర్చోవడం ఒకటి, ఎవరూ అడగకపోయినా కూర్చోవడం ఒకటి. రెండోది నీకుందో లేదో కాలేజీలో మొదటి ఏడాదే తెలిసిపోతుంది. ఎందుకు నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే బాఖ్ వాయించడానికి అని చెప్పు. నాకైతే అది సరిపోయే కారణమే.

నాలుగు గంటలు తగ్గించు. షోపాన్ తన శిష్యులను రోజుకు మూడు గంటలు దాటనిచ్చేవాడు కాదని వాళ్ల జ్ఞాపకాల్లో ఉంది.  నీకు గంటన్నర చాలు, అదీ రెండు ముక్కలుగా. కొత్తగా నేర్చుకున్న వేళ్ల కదలిక నిద్రలో కుదురుకుంటుంది. రాత్రి పదకొండింటికి రాని బార్ పొద్దున్నే కాస్త లొంగడం నువ్వూ చూసే ఉంటావు. నొప్పి వస్తే మాత్రం ఆ క్షణమే లేచిపో. "నొప్పి లేకపోతే సాధన కాదు" అనే మాట పియానో దగ్గర చాలా ప్రమాదం. స్వరకర్త రాబర్ట్ షూమన్ ఇరవయ్యేళ్లు దాటీ దాటకముందే కుడిచేతి వేళ్లు చెడి పియానిస్ట్ కావాలన్న ఆశ వదులుకున్నాడు. అసలు కారణమేమిటో ఇప్పటికీ వాదనలున్నాయి. అమెరికన్ పియానిస్ట్ లియాన్ ఫ్లైషర్‌కు 36 ఏళ్ల వయసులో కుడిచేతి చివరి రెండు వేళ్లు ముడుచుకుపోవడం మొదలైంది. దశాబ్దాలపాటు ఎడమచేతి కోసం రాసిన సంగీతమే వాయిస్తూ, పాఠాలు చెప్తూ గడిపి, చాలా ఆలస్యంగా మళ్లీ రెండు చేతులతో వాయించాడు. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఓడిపోయినట్టు అనిపించినప్పుడే మనం ఎక్కువసేపు, ఎక్కువ బిగుసుకుని కూర్చుంటాం. నువ్వు ఇప్పుడు ఆ స్థితిలో ఉన్నావు.

గ్రేడ్ 8కి ఈ ఏడాది కట్టకు. మానేయకు కూడా. పరీక్ష లేని ఒక ఏడాది తీసుకో.

ఆ ఏడాదిలో రోజూ మొదటి పది నిమిషాలు సైట్ రీడింగ్‌కి ఇచ్చెయ్యి. నీ స్థాయికంటే మూడు, నాలుగు గ్రేడ్లు తక్కువవి తీసుకో. హంగేరీ స్వరకర్త బార్తోక్ రాసిన మైక్రోకాస్మాస్ ఇందుకు భలే పనికొస్తుంది. ఆరు పుస్తకాల్లో 153 పీసులు, తేలిక నుంచి కష్టానికి వరసగా. రెండో పుస్తకంతో మొదలుపెట్టు. అందులో స్వరాలు మనం ఊహించిన చోటికి పోవు కాబట్టి నీ చెవి కన్నుకు బదులు పని చేసేయలేదు. నీలాంటి మంచి చెవి ఉన్నవాళ్లకు వచ్చే చిక్కే అది. రెండు బార్లు చదివి మిగతాది ఊహించేస్తారు. అరనిమిషం చూడు, ఎంత నెమ్మదైనా సరే ఒక వేగం పట్టుకో, మొదలుపెట్టాక ఆగకు, దిద్దుకోకు. అదే పీసు రెండోసారి వాయించకు. రెండోసారి వాయిస్తే అది ప్రాక్టీస్ అయిపోతుంది.

ఇంకో పని: బాఖ్ ఇన్వెన్షన్లలో (రెండు గొంతుల చిన్న పీసులు) నువ్వు ఎప్పుడూ వాయించనిది ఒకటి ఎంచుకో. మొత్తం 15 ఉన్నాయి, ఏదైనా ఫర్వాలేదు, నీకు నచ్చాలి. టీచర్‌కు వినిపించకుండా మొదటినుంచి చివరిదాకా నువ్వే తయారుచెయ్యి. వేళ్ల నంబర్లు నువ్వే రాసుకో, పెన్సిల్‌తోనే రాయి, చాలాసార్లు చెరుపుతావు. ఎక్కడ గట్టిగా, ఎక్కడ మెల్లగా అన్నది అందులో బాఖ్ రాయలేదు, అదీ నువ్వే చూసుకోవాలి. 1723 నాటి ప్రతి ముందు మాటలో ఇవి ఎందుకో ఆయనే రాసి పెట్టాడు: రెండు గొంతులు శుభ్రంగా వాయించడం నేర్చుకోవడానికి, మంచి ఆలోచనలు పుట్టి వాటిని పెంచడం తెలియడానికి, అన్నిటికంటే ముఖ్యంగా పాడుతున్నట్టు వాయించడం అలవడటానికి. ఇవన్నీ ముందు తన పెద్దకొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమన్ కోసం కట్టిన పాఠాల పుస్తకంలో ఉన్నవే. అంటే కొడుకు తనంతట తాను ఆలోచించే సంగీతకారుడు కావాలని రాసిన పాఠాలు. పూర్తయ్యాక టీచర్ ముందు వాయించి, ప్రతి నిర్ణయానికీ కారణం చెప్పు. టీచర్ ఒప్పుకోకపోతే వాదించు. ఆ క్లాసు నీకు ఈ పదకొండేళ్లలో లేనంత కొత్తగా ఉంటుంది.

వీలైతే ఇంకొకరితో కలిసి వాయించు. పాడే స్నేహితురాలు ఉంటే ఆమె పక్కన, లేకపోతే ఒకే పియానో మీద ఇద్దరు కలిసి వాయించే నాలుగు చేతుల పీసులు. మోజార్ట్, షూబర్ట్ ఇద్దరూ ఇవి చాలా రాశారు. పక్కన ఇంకో మనిషి ఉంటే తప్పు వచ్చిందని మొదటికి వెళ్లడానికి వీలుండదు, ఆమె నిన్ను వదిలేసి ముందుకెళ్లిపోతుంది. కచేరీ జబ్బుకు ఇంతకంటే మంచి మందు లేదు.

టీచర్‌తో చెప్పడం గురించి నువ్వు రాయలేదు కానీ నీకు అదే పెద్ద భయమై ఉంటుంది. "మానేస్తున్నాను" అనే మాటతో మొదలుపెట్టకు. "ఈ ఏడాది పరీక్ష వద్దండీ, నాకు సైట్ రీడింగ్ రావాలి, ఒక పీసు నా అంతట నేను చేయాలనుంది, మీరు వింటారా?" అని అడుగు. మార్కుల కాగితం వెంట తీసుకెళ్లి 13 మీద వేలు పెట్టి చూపించు. పిల్లలు తమ లోపం తామే పట్టుకుని వస్తే కాదనే టీచర్‌ను నేను ఇంతవరకు చూడలేదు. ఒకవేళ పరీక్ష రాయాల్సిందేనని పట్టుబడితే ఆరునెలల గడువు అడుగు.

డిజిటల్ పియానో సంగతి. నడుస్తుంది. 88 కీలు, సుత్తి బరువుతో దిగే కీలు ఉన్నదే తీసుకో. స్ప్రింగుతో తేలిగ్గా దిగే కీబోర్డు మీద ఆరు నెలలు వాయిస్తే వేళ్ల బలం అంచనా పోతుంది. పెడల్‌ను సగం నొక్కితే సగమే పనిచేసేలా ఉందో లేదో దుకాణంలోనే నొక్కి చూడు. చాలా చౌకరకాల్లో అది స్విచ్చులా ఉంటుంది, అయితే మొత్తం, లేకపోతే సున్నా. స్టాండు ఊగకూడదు, స్టూలు ఎత్తు మార్చుకునేలా ఉండాలి. మోచేయి కీల ఎత్తుకు రాకపోతే మణికట్టు దెబ్బతింటుంది. హెడ్‌ఫోన్స్‌లో శబ్దం తగ్గించి పెట్టుకో, నీ దగ్గరున్న ఆస్తి ఆ చెవే. స్వరాలు నేర్చుకోవడానికి, చదవడానికి, చీటీల పనికి ఇది పూర్తిగా సరిపోతుంది. చిటికెన వేలి స్వరం పైకి తేవడం, పెడల్ ఎక్కడ వదలాలో వినడం మాత్రం నెలకు రెండుమూడుసార్లైనా అసలు పియానో మీద సరిచూసుకోవాలి. కాలేజీలో చేరిన రోజే ప్రాక్టీస్ గది ఉందా అని అడుగు. కొన్నిచోట్ల గదీ ఉంటుంది, పియానో కూడా ఉంటుంది. తాళం ఎవరి దగ్గరుందో మాత్రం ఎవరికీ తెలియదు, అది నువ్వే కనుక్కోవాలి.